ఇంజను చల్లదనము

గత వేసవిలో మా కుటుంబమంతయు పెద్దకారులో పెండ్లికి బోవుచుండగా, ఇంజను వేడిని దెలుపు ముల్లు ఎఱ్ఱగీతను దాటెను. బండి నాపితిమి. మనుమడు రేడియేటరు మూత విప్పబోగా చేయిపట్టి వారించితిని. మూత బిగిసియున్నంతవఱకు లోని ద్రవము ఒత్తిడిచే 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటినను మరుగదు. విప్పినతోడనే పొంగి మొగము గాల్చును.

చల్లాఱిన పిదప చూడగా, గొట్టము చీలి కూలెంటు కాఱిపోయియుండెను. తప్పు నాదే. నెలదినములుగా తొట్టిలో మట్టము తగ్గుచుండగా, కారణ మరయక నూతినీరు పోయుచుంటిని. ఆ నీటి లవణములు లోని సన్నదారులలో పొరగట్టును, తుప్పును బట్టును.

కూలెంటనగా సాధారణముగా శుద్ధజలమును, ఇథిలీన్ గ్లైకాలును, తుప్పు నాపు మందులును గలిసిన ద్రవము. ఇంజను చల్లగా నున్నపుడు మట్టమును జూడుడు; తఱచు తగ్గినచో మరమ్మతు చేయింపుడు. కూలెంటు తియ్యని విషము. పిల్లలకును పశువులకును అందనీయకుడు.