శాసనసభ అభ్యర్థుల వాగ్దానాలు: ఏది ఎవరి అధికారంలో ఉన్నది?

(సూరత్ నగరం సలాబత్‌పురాలో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శాసనసభ ఎన్నికలలో అభ్యర్థుల విధానాలను ఏ విధంగా పోల్చి చూడవలెనో మాట్లాడవలసిందిగా నన్ను కోరినారు. ఎవరికి ఓటు వేయవలెనో నేను చెప్పబోవడం లేదు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళి, రైల్వేలో 1966 నాటి నియమావళి మనలను ఎన్నికల ప్రచారానికి దూరంగా ఉంచినవి. ఓటు హక్కును మాత్రం అవి తొలగించలేదు. ఆలోచించుటను అసలే నిషేధించలేదు.

2022 డిసెంబరు 1న సూరత్‌లో పోలింగు జరిగినది. ఆ ఎన్నికలలో పాత పెన్షనును పునరుద్ధరిస్తామని కాంగ్రెసు, ఆమ్ ఆద్మీ పార్టీలు హామీ ఇచ్చినవి. భారతీయ జనతా పార్టీ సంకల్ప పత్రంలో ఆ హామీ లేదు. ఉద్యోగికి ఇంతకంటె స్పష్టమైన తేడా ఏమి కావలెనని అనిపించుట సహజమే. కాని రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలును తెరచి చూడండి. కేంద్ర జాబితాలో రైల్వేలు 22వ అంశం, తపాలా 31వ అంశం, కేంద్ర పెన్షనులు 71వ అంశం. రాష్ట్ర పెన్షనులు రాష్ట్ర జాబితాలో 42వ అంశం.

ఒకే ఇంట భర్త ఆర్.ఎం.ఎస్.లోను, భార్య రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలోను పనిచేయుచున్నారనుకొందాం. గాంధీనగర్‌లో అధికారం ఎవరికి దక్కినా, ఆ వాగ్దానం ఆమెకు వర్తించగలదు, అతనికి వర్తించదు. 2004 జనవరి 1న గాని, ఆ తరువాత గాని ఉద్యోగంలో చేరిన మనవారి పెన్షను ఢిల్లీలో తేలవలసినదే. 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఏకీకృత పెన్షను పథకం కూడా అక్కడి నిర్ణయమే. కావున ఆ హామీ ఇచ్చే అభ్యర్థిని మనం అడుగవలసిన ప్రశ్న వేరు: మీ పార్టీ పార్లమెంటులో మా కొరకు ఏమి కోరినది?

ఇక విద్యుత్తు. గృహాలకు నెలకు 300 యూనిట్లు ఉచితమని ఆ రెండు పార్టీలూ చెప్పినవి. ఇది రాష్ట్రం రాయితీ చెల్లించి చేయగలిగిన పనే. అయితే రైల్వే కాలనీలలో విద్యుత్తును రైల్వేయే కొనుగోలు చేసి మన జీతాలలో కోత విధించే చోట్ల ఈ రాయితీ మన ఇంటికి చేరునా? ఈ ప్రశ్నకు ముందుగానే జవాబు రాబట్టవలెను. వైద్యం విషయంలో ఉచిత చికిత్స పరిమితిని 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచెదమని బి.జె.పి. చెప్పినది, 2023 జులైలో పెంచినది. చేసినదానిని చేసినట్లు చెప్పుకొనవలెను. మనకు రైల్వే ఆసుపత్రి ఉన్నదని దీనిని తేలికగా తీసివేయరాదు, మన స్టేషనులో కాంట్రాక్టరు క్రింద ఊడ్చే మనిషికి అది లేదు. తెలుగు మాధ్యమ పాఠశాలల సంగతి నగరపాలక సంస్థది. దానికై శాసనసభ్యుని నిలదీసి కార్పొరేటరును వదలిపెట్టుట మనవారి పాత అలవాటు.

నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది పనిగంటల ప్రశ్న. ఈ సలాబత్‌పురా చుట్టూ ఉన్నది బట్టల వ్యాపారం, సాంచాల చప్పుడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి వచ్చిన మన నేత కుటుంబాలు వాటిపై బ్రతుకుచున్నవి. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోనివి గనుక ఇక్కడ శాసనసభ్యుని చేతికి నిజమైన బలం ఉన్నది. 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీలలో రోజుకు 12 గంటల పనిని అనుమతించి, అదనపు గంటలకు రెట్టింపు వేతనం అవసరం లేదన్నది. గుజరాత్ మజ్దూర్ సభ వేసిన కేసులో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసినది. 2025లో ప్రభుత్వం మరల 12 గంటల వరకు వీలు కల్పించు సవరణను, వారానికి 48 గంటల హద్దుతో, మొదట ఆర్డినెన్సుగా తెచ్చి సెప్టెంబరులో శాసనసభచేత ఆమోదింపజేసినది. కాంగ్రెసు, ఆప్ సభ్యులు దానిని వ్యతిరేకించినారు. 2022 ఎన్నికలలో 182 స్థానాలలో 156 బి.జె.పి. గెలుచుకొన్న సభలో ఆ వ్యతిరేకత నిలువలేదు. ఆ నవంబరు 21 నుండి కేంద్రం నాలుగు కార్మిక నియమావళులను అమలులోనికి తెచ్చినది. వాటి క్రింద రాష్ట్రాలు చేయవలసిన నియమాలు ఎన్నో ఉన్నవి. పెన్షను వాగ్దానమునకు చెవియొగ్గిన మనం ఈ సంగతిని ఏ అభ్యర్థినైనా అడిగినామా?

పోల్చుటకు అభ్యర్థి బరిలో ఉండుట కూడా అవసరమే. సూరత్ తూర్పు స్థానంలో ఆప్ అభ్యర్థి కాంచన్ జరీవాలా 2022 నవంబరు 16న నామినేషనును ఉపసంహరించుకొన్నారు. ఒత్తిడి జరిగినదని ఆ పార్టీ ఆరోపించగా బి.జె.పి. కాదన్నది. 2024 లోక్‌సభ ఎన్నికలలో సూరత్ కాంగ్రెసు అభ్యర్థి నామినేషను తిరస్కరింపబడి, మిగిలినవారు తప్పుకొనగా, ఏప్రిల్ 22న ముకేష్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనారు. పోలింగే జరుగలేదు.

ప్రస్తుత శాసనసభ గడువు 2027 చివర ముగియును. నామినేషనుల వరకు ఆగక, పనిగంటలు, కాంట్రాక్టు కార్మికుల వైద్యం, కాలనీ విద్యుత్తు, పార్లమెంటులో పెన్షనుపై వైఖరి అను ఈ నాలుగు ప్రశ్నలను గుజరాతీలోను, తెలుగులోను వ్రాసి అన్ని పార్టీలకూ ఒకే రూపంలో పంపుదాం. వచ్చిన జవాబులను మన వ్యాఖ్య ఏదీ చేర్చకుండ సభ్యులకు అందజేద్దాం. జవాబు రాని పార్టీ పేరు ఎదుట ఖాళీ గడిని అట్లే వదలుదాం.