జంటకూడిన ఎలక్ట్రాన్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)

 

ధాన్యమును ఒకచోటినుండి మఱియొకచోటికి తరలించునపుడు కొంత తరుగు తప్పదు. రాగితీగలో ప్రవహించు విద్యుత్తునకును ఇట్టి తరుగు కలదు. విద్యుత్ప్రవాహమనగా ఎలక్ట్రాన్లను సూక్ష్మకణముల నడక. అవి త్రోవలో కంపించు పరమాణువులచే చెదరగొట్టబడి, తమ శక్తిలో కొంత వేడిమిగా పోగొట్టుకొనును. దీనినే నిరోధమందురు.

ఈ తరుగు బొత్తిగా లేని స్థితి యొకటి కలదని 1911లో హాలండు దేశమున లైడెన్ నగరమందలి కామర్లింగ్ ఓన్స్ కనుగొనెను. ద్రవ హీలియముతో పాదరసమును చల్లబఱుపగా, సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద దాని నిరోధము హఠాత్తుగా మాయమయ్యెను. దీనికే అతివాహకత యని పేరు.

వింత కనబడినది 1911లో. కారణము తెలిసినది 1957లో. నడుమ 46 ఏండ్లు ఐన్‌స్టీను వంటి ఉద్దండులకును అది కొఱుకుడు పడలేదు. తుదకు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున బార్డీన్, కూపర్, ష్రీఫర్ అను మువ్వురు దానిని విప్పిరి. ష్రీఫర్ అప్పటికింకను విద్యార్థియే. 1972లో వారికి నోబెల్ బహుమానము లభించెను.

వారు చెప్పినదేమి? ఎలక్ట్రాన్లు జంటలగునని. ఋణావేశము గల రెండు కణములు ఒకదాని నొకటి త్రోసికొనును గదా, జంటయగుటెట్లని సందేహము కలుగవచ్చును. తడిచేలో ఎద్దు నడచిపోయిన పిమ్మట దాని గిట్టపడిన గుంటలోనికి నీరు చేరును. అటులనే ఎలక్ట్రాను పోవుచు చుట్టునున్న ధనావేశ పరమాణువులను తనవైపు లాగును. అవి బరువైనవి గనుక మెల్లగా కదలి, అది దాటిపోయిన తరువాత గూడ కొంతసేపు గుమిగూడి యుండును. ఆ గుంపు మఱియొక ఎలక్ట్రానును ఆకర్షించును. పరమాణువుల కంపనమే యిచట పెండ్లిపెద్ద. ఇట్టి జంటలన్నియు ఒకే శ్రుతిలో పాడు భజనబృందమువలె ఏకస్థితిలో నడచును. ఒక జంటను విడదీయుటకు కనీసము ఇంత శక్తి కావలెనని యొక మట్టు కలదు. గడ్డు చలిలో ఆపాటి వేడిమి లేదు. కనుక చెదరుట లేదు, తరుగును లేదు.

1986లో జ్యూరిక్ నగరమున బెడ్నోర్జ్, మ్యుల్లర్ అనువారు, రాగి, ఆమ్లజని కలిసిన పింగాణి వంటి పదార్థమొకటి తక్కిన వానికన్న హెచ్చు ఉష్ణోగ్రతలోనే అతివాహకమగుట చూచిరి. 1987లో అట్టిదే మఱియొకటి సున్నకు దిగువ 180 డిగ్రీల వద్దనే ఆ స్థితి నందెను. ఇందులకు హీలియ మక్కఱలేదు. గాలినుండి చవుకగా తీయు ద్రవ నత్రజని చాలును.

వీనియందును జంటలున్నవా? ఉన్నవి. అతివాహక వలయములో చిక్కిన అయస్కాంతబలము విడివిడి మోతాదులుగానే యుండును. ఆ మోతాదును కొలిచిన, నడచునవి రెండేసి ఎలక్ట్రాన్లని తేలుచున్నది. కాని పాత పెండ్లిపెద్ద ఒక్కడే యింత గట్టి సంబంధము కుదుర్చగలడని పెక్కురు నమ్మరు. రాగి ఎలక్ట్రాన్ల అయస్కాంత స్వభావమే కారణమని అనేకులు తలచుచున్నారు. ఏకాభిప్రాయము నేటికిని లేదు. పెండ్లి జరిగినది; కుదిర్చిన వారెవరో తేలలేదు.

ఉష్ణోగ్రతను బట్టియే తీర్పు చెప్పుటకును వీలులేదు. 2015లో హైడ్రోజను, గంధకము కలిసిన పదార్థము, వాతావరణపు ఒత్తిడికి సుమారు 15 లక్షల రెట్ల ఒత్తిడిలో, సున్నకు దిగువ 70 డిగ్రీల వద్దనే అతివాహకమయ్యెను. అచట మాత్రము తేలికైన హైడ్రోజను పరమాణువుల వడిగల కంపనమే, అనగా పాత పెండ్లిపెద్దయే, కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇది పండితుల వినోదము కాదు. ఆసుపత్రులలో శరీరాంతర్భాగములను చూపు ఎం.ఆర్.ఐ. యంత్రములలో పెక్కు అతివాహక తీగలతోనే పనిచేయుచున్నవి. సాధారణ వేడిమిలో, సాధారణపు ఒత్తిడిలో అట్టి తీగ దొరికిననాడు ఊరూరికి విద్యుత్తు తరుగులేక చేరగలదు. కారణ మెఱుగక వెదకుట చీకటిలో వెదకుటయే.

ఈ బీరువాలలో జవాబులున్న గ్రంథములు పెక్కు కలవు. జవాబు లేని యీ ప్రశ్ననుగూడ బాలబాలికలు ఇంటికి తీసికొని పోవచ్చును. దీనికి చందా లేదు. గడువులోపల తిరిగి యీయవలెనన్న నిబంధనయు లేదు.