కాలిపట్టుకు కాపుదల
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, వీథిదీపములు, మురుగుకాలువలు మొదలగు విషయములను చర్చించు సభలో కుస్తీపట్లను గూర్చి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని జాతర సమీపించగానే కుస్తీపోటీలు పెట్టవలెనా, గోదా ఎచ్చట త్రవ్వవలెను, ఎవరికి ఎవరిని జోడుగా దింపవలెను అను ప్రశ్నలు మీ యెదుటకే వచ్చుచుండును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల నిమిత్తము చేర్చిన పదునొకండవ షెడ్యూలులో సంతలు, జాతరలు, సాంస్కృతిక కార్యక్రమములు కలవు. కావున గోదాలో దిగు బాలుని మెడ, మోకాలు భద్రముగా నుండునట్లు చూచుట కూడ మీ బాధ్యతలోనిదే.

కుస్తీలో పట్లు అనేకములు. వానిలో మేము నేడు ఒక్కదానినే చెప్పెదము. అది ప్రత్యర్థి వంగి వచ్చి కాలు పట్టి పడవేయుట, దానినుండి తప్పించుకొనుట. ఈ ఒక్కదానినే ఎన్నుకొనుటకు కారణము కలదు. మన పల్లెలలో సాము నేర్చిన పిల్లలు జిల్లా పోటీలకు, రాష్ట్ర పోటీలకు పోయినపుడు ఓటమికి దారితీయునది తరచుగా ఈ కాలిపట్టే. బలము చాలక కాదు, ఆ కాపుదల మట్టిగోదాలో అలవడకపోవుటచేత.

భీముడు జరాసంధుని కాళ్లు పట్టి చీల్చిన కథ వినని పల్లె లేదు. విరాటుని కొలువులో వలలుడై వంటచేసిన ఆ భీముడే జీమూతుడను మల్లుని కూల్చెననియు మనకు తెలియును. అంత దూరము పోనక్కరలేదు. వీరఘట్టములో 1882లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు విజయనగరములో సాముచేసి, దేశదేశములలో బలప్రదర్శనములిచ్చి కలియుగ భీముడని పేరుగాంచిరి. గోదా, వస్తాదు, చిత్తు అను మాటలు మన నిత్యవ్యవహారములోనే కలిసిపోయినవి. విద్య మనకు క్రొత్త కాదు. క్రొత్తది ఆటనియమము.

ఆ భేదమును తెలిసికొందము. మన మట్టికుస్తీలో ప్రత్యర్థిని వెల్లకిల పడవేసి, వీపు మట్టికంటించి చిత్తు చేసినగాని గెలుపు లేదు. కాలు చిక్కినవాడు బోర్ల పడినను నష్టము లేదు. నేలను కరచుకొని ఉండి, మరల లేచి పోరాడవచ్చును. అందుచేత కాలు చిక్కుటను మన పిల్లలు పెద్ద ప్రమాదముగా నెంచరు. మ్యాట్ పైన జరుగు ఫ్రీస్టయిల్ కుస్తీలో అట్లు కాదు. కాలు పట్టి, నేలకు దించి, వెనుకకు చేరి అదుపులోనికి తెచ్చుకొన్నవానికి వెంటనే 2 పాయింట్లు వచ్చును. ఆ పడవేయుటలోనే ప్రత్యర్థి వీపు నేలవైపు తిరిగినచో 4 పాయింట్లు. వలయము దాటి అడుగు బయటపెట్టినచో ఎదుటివానికి 1 పాయింటు. పెద్దల పోటీ మూడేసి నిమిషముల రెండు భాగములు మాత్రమే. 10 పాయింట్ల ఆధిక్యము కలిగినచో పోటీ అచ్చటనే ముగియును. మట్టిలో ఖర్చులేని పాటు మ్యాట్ పైన సొమ్ము పోయినంత పని యగును.

అన్ని క్రీడలలోను ఇట్లే యుండదు. గ్రీకో రోమన్ కుస్తీలో నడుమునకు క్రింద పట్టరాదు. జూడోలో అంతర్జాతీయ సంఘము కాలిపట్టును 2010లో పరిమితముచేసి, 2013లో పూర్తిగా నిషేధించినది. కాని ఫ్రీస్టయిల్‌లో అది ముఖ్యమైన ఆయుధము. స్త్రీలు అంతర్జాతీయముగా పోటీపడునది ఈ ఫ్రీస్టయిల్ పద్ధతిలోనే గనుక మన బాలికలకును ఈ కాపుదల తప్పనిసరి.

ఇక కాపుదల యెట్లు? దీనికి మూడు కోటలు కలవనుకొనుడు.

మొదటి కోట నిలుకడ. మోకాళ్లు వంచి, నడుము దించి, తల యెత్తి, మోచేతులు ప్రక్కటెముకలకు చేరువగా నుంచవలెను. పాదములు కలియరాదు, అడుగులు ఒకదానికొకటి అడ్డుపడరాదు. నిటారుగా నిలిచినవాని కాళ్లు ప్రత్యర్థికి అందుబాటులో నుండును. వంగి నిలిచినవాని కాళ్లను చేరుటకు ముందు అతని నుదురును, చేతులను దాటవలసి యుండును. కాలు చిక్కుట చాలవరకు చేతి తప్పు కాదు, అంతకు ముందే చెడిన నిలుకడ తప్పు.

రెండవ కోట చేతులు. ప్రత్యర్థి దూకి వచ్చునపుడు అతని భుజములను, మెడ మొదటిని అరచేతులతో అడ్డగించి క్రిందికి నొక్కవలెను. ముంజేతిని అతని మెడకును భుజమునకును నడుమ అడ్డుగడియవలె ఉంచవచ్చును. అతని తల మన నడుమును తాకనీయకుండుటయే ఇందలి రహస్యము. తల చేరినచో వెనుక దేహమంతయు చేరును.

మూడవ కోట నడుము. చేతులను దాటి అతడు కాళ్లను అందుకొన్నపుడు, మన రెండు కాళ్లను ఒక్కమారుగా వెనుకకు విసరి, నడుమును నేలవైపు దింపి, దేహభారమంతయు అతని భుజములపై మోపవలెను. ఇచ్చట చాలమంది పొట్టను మాత్రము వంచి, నడుమును పైననే ఉంచుదురు. అట్లు చేసిన ప్రయోజనము లేదు. భారము దిగవలసినది నడుమునుండి. భారము పడగానే అతని పట్టు సడలును. అప్పుడు ప్రక్కకు తిరిగి అతని వెనుకకు చేరినచో, కాపాడుకొన్నవానికే 2 పాయింట్లు దక్కును. మంచి కాపుదల ఊరక తప్పించుకొనుట కాదు, ఎదురుదాడికి మొదటి మెట్టు.

ఒక కాలు చిక్కి పైకి లేచినచో ఏమి చేయవలెను? భయపడి కుంటుచు వలయపు అంచునకు పోరాదు. వీపు త్రిప్పరాదు. చిక్కిన కాలివైపు చేతిని ప్రత్యర్థి భుజముపైనుండి చంక క్రిందికి పోనిచ్చి బిగించి, నడుమును అతనిపైకి నొక్కుచు, రెండవ చేతితో అతని తలను ప్రక్కకు త్రోయవలెను. పాదము నేలకు చేరువరకు ఆ ఒత్తిడిని సడలనీయరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. క్రొత్తవారు కాలు చిక్కగానే ప్రత్యర్థి మెడను రెండు చేతులతో ఉరివలె బిగింతురు. ఇది నియమవిరుద్ధము, ప్రాణాపాయకరము. తలతోపాటు ఒక చేయిని గూడ కలిపినగాని అట్టి పట్టు చెల్లదు. గొంతు నొక్కుట ఎట్టి పరిస్థితిలోను కూడదు. వ్రేళ్లను విరచుట, జుట్టు లాగుట కూడ నిషిద్ధములు.

నేర్పు క్రమము కూడ ముఖ్యము. మొదట పడుట నేర్పవలెను. గడ్డము రొమ్మునకు చేర్చి, వీపు గుండ్రముగా చేసి దొర్లుట, పడునపుడు చేతిని కర్రవలె నిటారుగా నేలకు ఊనకుండుట అలవడవలెను. నిటారుగా ఊనిన చేయి మణికట్టునందో, మోచేతియందో విరుగును. పిమ్మట నిలుకడ, ఆ పిమ్మట కాళ్లను వెనుకకు విసరు అభ్యాసము ఒంటరిగా చేయించవలెను. తరువాత జోడుగా, మెల్లగా, ఒకరు కాలు పట్టగా ఒకరు కాచుకొనునట్లు సాధన చేయించవలెను. పూర్తి బలముతో పెనగులాట అన్నిటికిని చివర. దండీలు, బస్కీలు బలమునిచ్చును గాని ఈ సాధనకు బదులు కానేరవు.

కాలు పట్టువానికిని ప్రమాదము కలదు. తల దించుకొని దూకువాని మెడపై ఎదుటివాని భారము పడును. కావున దాడిచేయువాడు తల యెత్తి, ఎదురుగా చూచుచు రావలెనని వస్తాదు పదేపదే చెప్పవలెను. పాదము నేలలో నాటుకొని యుండగా దేహము మెలిదిరిగినచో మోకాలి నరములు తెగును. కాలు చిక్కినవాడు బాధతో కేక వేయగానే పట్టు విడుచుట గోదాలో మొదటి కట్టుబాటు కావలెను.

మెడకు దెబ్బ తగిలినదని అనుమానము కలిగినచో బాలుని లేవనెత్తరాదు, కూర్చుండబెట్టరాదు, మెడ త్రిప్పి సరిచేయ యత్నింపరాదు. తల కదలకుండ ఇద్దరు కనిపెట్టుకొని యుండి 108 వాహనమును పిలువవలెను. ఇట్టి సమయమున చుట్టమెవరో వచ్చి మెడ లాగుట మేలుచేయు తలంపుతో జరుగు కీడు.

ఇప్పుడు పంచాయతీ చేయదగిన పనులు చెప్పెదము. గోదాకు గట్టినేల పనికిరాదు. రాళ్లు, పెంకులు, గాజుముక్కలు ఏరి, లోతుగా త్రవ్వి, మట్టిని జల్లించి మెత్తన చేయవలెను. మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలుపు సంప్రదాయము మంచిదే. ప్రతిదినము త్రవ్వి తిరుగవేయకున్న ఆ మట్టియే బండయగును. మ్యాట్ కొనగలవారు పోటీవలయము 9 మీటర్ల వ్యాసము కలదియనియు, చుట్టు రక్షణస్థలముతో కలిపి 12 మీటర్ల చదరము కావలెననియు తెలిసికొనవలెను. ఒక్క ఊరు భరింపలేనిచో నాలుగు ఊళ్లు కలిసి కొనవచ్చును. మ్యాట్ లేని యూరిలో సైతము ఈ మూడు కోటలను మెత్తని మట్టిలోనే నేర్పవచ్చును. బోర్ల పడినవాడు ఓడినట్లే అను నియమముతో వారమునకు రెండు దినములు సాధన చేయించిన చాలును.

జోడు కూర్చునపుడు బరువు తూచవలెను. కంటితో చూచి సరిజోడు అనుట చాలదు. గోళ్లు కత్తిరించుకొననివానిని, తామర మొదలగు చర్మవ్యాధులున్నవానిని గోదాలోనికి రానీయరాదు. జాతర పోటీలో నియమములు తెలిసిన రెఫరీని నియమించి, ఆపుమనిన ఆపవలెనని ముందే చాటింపు వేయించవలెను. బాలికలకు వేళను, స్థలమును విడిగా కేటాయించి, తల్లిదండ్రులకు నమ్మకము కలిగించవలెను. 2016లో రియో ఒలింపిక్సునందు కాంస్యపతకము గెలిచిన సాక్షి మలిక్ హర్యానాలోని మోఖ్రా గ్రామములో పుట్టినది. ఆ పతకపు పోటీలో 0–5తో వెనుకబడియు చివరకు 8–5తో గెలిచినది. ఒకమారు పడుటయే ఓటమి కాదని మన బాలికలకు చెప్పుటకు ఇంతకంటె వేరు నిదర్శనమేల?

ఊరు తలచుకొనిన ఏమి చేయగలదో మరియొక నిదర్శనము చూడుడు. మహారాష్ట్రలో కరాడ్ తాలూకాయందలి గోళేశ్వర్ గ్రామవాసి ఖాశాబా జాధవ్ 1948లో లండను ఒలింపిక్సునకు పోయెను. మట్టిలో పెరిగిన ఆయనకు మ్యాట్ క్రొత్త. అయినను ఆరవస్థానము పొందెను. 1952లో హెల్సింకీకి పోవలసి వచ్చినపుడు గ్రామస్థులు చందాలు పోగుచేసిరి. ఆయన చదివిన కళాశాల ప్రిన్సిపాలు తన యిల్లు తాకట్టుపెట్టి 7,000 రూపాయలు సమకూర్చెను. ఆయన కాంస్యపతకముతో తిరిగివచ్చెను. స్వతంత్ర భారతమునకు ఒలింపిక్సులో వ్యక్తిగతముగా లభించిన మొదటి పతకమది. కుస్తీలో మన దేశమునకు మరల పతకము వచ్చుటకు 2008 వరకు, అనగా 56 సంవత్సరములు పట్టినది. పల్లెలలో బలవంతులు లేకనా ఇంత ఆలస్యము? మట్టినుండి మ్యాట్ వరకు వారిని నడిపించు ఏర్పాటు చాలక.

ఆ ఏర్పాటు పెద్ద మొత్తములతోనే మొదలుకానక్కరలేదు. మెత్తని మట్టి, తెలిసిన వస్తాదు, బరువు తూచు కాటా, కట్టుబాటు అను నాలుగును సమకూర్చిన చాలును. రాబోవు జాతరకు ముందు మీ సమావేశములో ఈ విషయమును ఒక అంశముగా చేర్చి తీర్మానింపుడని మా మనవి. గోదాలో దిగిన ప్రతి బిడ్డయు గెలువలేడు. కాని ప్రతి బిడ్డయు క్షేమముగా ఇంటికి నడచి పోవలెను. అది మీ చేతిలోని పని.