కాళ్ళకు చుట్టుకునే పిల్లి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో డి.ఏ. గురించో, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించో మాట్లాడుకోవడం మన ఆనవాయితీ. పిల్లి గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగితే హాస్యమాడుతున్నారనుకున్నాను. కానీ పిల్లలు దూరాన ఉండి, ఇద్దరో ఒక్కరో మిగిలిన మన ఇళ్ళలోకి పిల్లులు బాగానే చేరాయి. సంతోషంతోపాటు కొన్ని చిక్కులూ తెచ్చాయి.

మా ఇంట్లో ఉన్నది మరీ మాలిమి. స్నానాల గది తలుపు వేస్తే బయట కూర్చుని అరుస్తుంది. పేపరు విప్పితే పేపరు మీదే పడుకుంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి గుండెల మీదికెక్కి ముఖంలోకి చూస్తుంది. ప్రభుత్వానికి మన లైఫ్ సర్టిఫికేటు ఏడాదికొకసారి చాలు, దీనికి రోజూ కావాలి!

మన సామెతల్లో పిల్లికి మంచిపేరు లేదు. విశ్వాసం కుక్కది, స్వార్థం పిల్లిది అని తీర్మానించేశాం. అయితే అమెరికాలోని ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీవారు 2019లో ప్రకటించిన పరిశోధనలో వేరే సంగతి తేలింది. పెంచినవారు రెండు నిమిషాలు బయటికి వెళ్ళి తిరిగొస్తే పిల్లి ఏం చేస్తుందో చూశారు. దాదాపు మూడింట రెండు వంతుల పిల్లులు వారిని పలకరించి, ధైర్యంగా తమ పనిలో తాము పడ్డాయి. మిగిలినవాటిలో కొన్ని వదలకుండా అతుక్కుపోయాయి, కొన్ని ఎడంగా ఉండిపోయాయి. అంటే మరీ అతుక్కునే పిల్లిలో ప్రేమతోపాటు బెంగ కూడా ఉండవచ్చన్నమాట. దాన్ని కసరడం వల్ల ఆ బెంగ పెరుగుతుందే గాని తగ్గదు. వేళకు తిండి, వేళకు కాసేపు ఆట ఉంటే కుదుటపడుతుంది. రాత్రి పది నిమిషాలు తాడుతో ఆడించి, ఆ తరువాత తిండి పెట్టండి. నాలుగింటికి అరిచినప్పుడు మాత్రం లేచి పెట్టకండి. ఒక్కసారి పెడితే అదే దానికి జి.ఓ. అయిపోతుంది.

ఎన్నడూ లేనిది, వయసు మీరిన పిల్లి హఠాత్తుగా వెంటపడటం మొదలుపెడితే మురిసిపోకుండా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. నొప్పి ఉన్నా, చూపు, వినికిడి తగ్గినా అలా చేస్తుంది. బాగా తింటూనే చిక్కిపోతూ, రాత్రిళ్ళు అరుస్తుంటే థైరాయిడ్ ఎక్కువైందేమో చూపించాలి.

ఇక మన క్షేమం. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మంచం పట్టినట్టే. కాళ్ళకు చుట్టుకునే పిల్లి చీకట్లో కనబడదు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలని ఎలుకలు తర్జనభర్జన పడ్డాయట. మన ఇళ్ళలో ఆ పని మనమే చేయాలి. గట్టిగా లాగితే ఊడిపోయే పట్టీకి చిన్న మువ్వ కట్టండి. రాత్రి నడవలో చిన్న దీపం ఉంచండి. మెట్లు దిగేటప్పుడు చెయ్యి కటకటాల మీదే ఉండాలి, పిల్లి మీద కాదు.

టీకాలు తప్పనిసరి. కరిచినా, నెత్తురు వచ్చేలా గీరినా సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. ఇంట్లోదే కదా అని ఊరుకోవద్దు. కోడలో కూతురో గర్భిణిగా ఉంటే పిల్లి మలం ఎత్తే పని ఆమెకు పెట్టకండి. ఇంకొకరు ప్రతిరోజూ శుభ్రం చేయాలి.

శాకాహారుల ఇళ్ళలో మరొక మాట. పెరుగన్నం ఒక్కటే పిల్లికి చాలదు. మాంసంలో, చేపల్లో ఉండే టారిన్ అనే పదార్థం అందకపోతే చూపు పోతుంది, గుండె జబ్బూ వస్తుంది. వండి పెట్టడం ఇష్టం లేనివారికి బజారులో తయారు మేత దొరుకుతుంది. పాలు చాలా పిల్లులకు అరగవు. మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, దాని ప్రాణం తీయడానికి. మందుల డబ్బా మూత పెట్టి ఉంచండి.

చివరిగా, చెప్పడానికి కష్టమైన మాట. ఇంటి పట్టున పెరిగే పిల్లి పదిహేనేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతుంది. మనకు అన్నేళ్ళున్నాయో లేదో ఎవరు చెప్పగలరు? ఆస్పత్రిలో పడ్డా, ఆర్నెల్లు కూతురి దగ్గరకు వెళ్ళినా, మనల్నే నమ్ముకున్న ప్రాణి గుమ్మం దగ్గర కూర్చుంటుంది. అందుకని ఇప్పటినుంచే పక్కింటివారో, పనిమనిషో, మనవడో రోజుకొకపూట దానికి తిండి పెట్టేలా అలవాటు చేయండి. ఇంకొకరి చేతిముద్ద తినడం నేర్చిన పిల్లికి బెంగా తగ్గుతుంది, మనకూ నిశ్చింత. నామినేషన్ కాగితం జాగ్రత్తగా రాసుకున్నాం కదా. పిల్లికి కూడా ఒక నామినీని చూసిపెట్టండి. ఆ మనిషికి ముందే చెప్పి ఒప్పించండి.