గోరీల దగ్గర బావులెందుకు?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ బడి మాస్టర్లము తెలుగులో మాట్లాడుతున్నామేమిటని వెనుక వరుసలో కొందరు నవ్వుకుంటున్నారు. మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవడం రాకపోబట్టే యీ అవస్థ. ఆ సంగతికి మళ్లీ వస్తాము.

ఆ మధ్య మేము తొమ్మిదో తరగతి పిల్లలను గోల్కొండకు తీసుకువెళ్లాము. కోట చూసి, కుతుబ్ షాహీ సమాధుల దగ్గరకు నడిచాము. ఒక కుర్రవాడు గుంబజుల వంక చూడనే లేదు. బడీ బావ్లీలోకి తొంగిచూసి, "సార్, గోరీల దగ్గర ఇంత పెద్ద బావులెందుకు?" అన్నాడు. పాఠం చెప్పేవాళ్లకు ఇంతకంటె మంచి ప్రశ్న రాదు.

అక్కడ తోటలుండేవి, తోటకు నీళ్లు కావాలి. మయ్యత్‌కు గుసుల్ చేయించే హమామ్ కూడా ఆ ఆవరణలోనే వున్నది, దానికీ నీళ్లు కావాలి. వచ్చినవాళ్లు తాగాలి. గుంబజు, తోట, బావి, నేల వాలు అన్నీ కలిస్తేనే ఆ స్థలం. బావి పూడితే తోట పోతుంది. తోట పోతే మిగిలేవి ఎండలో నిలబడ్డ గోడలే. లోకంలోని పండితులు కూడా దీన్ని ఆలస్యంగానే పట్టించుకున్నారు. చారిత్రక తోటలను కాపాడే నియమాలు ఫ్లారెన్సులో రాసుకున్నది 1981లో. మనిషీ ప్రకృతీ కలిసి తీర్చిన ప్రదేశాలకు ప్రపంచ వారసత్వ జాబితాలో యునెస్కో చోటిచ్చింది 1992లో.

2013 వానలకు బడీ బావ్లీ గోడ కొంత కూలింది. ఆ సంవత్సరమే ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి 106 ఎకరాల ఆవరణలో పని మొదలుపెట్టాయి. 2024 జూలైలో ముగించాయి. మధ్యలో, 2022లో, గోల్కొండ దిగుడు బావుల పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. మాకు పురస్కారం కంటె అట్టి పని జరిగే తీరు ముఖ్యంగా తోచింది. ఆర్కిటెక్టు కొలతలు తీస్తాడు. గోడ ఎందుకు కూలిందో, బరువు ఎటు పడుతున్నదో ఇంజనీరు చూస్తాడు. చరిత్ర తెలిసినవాడు పాత ఫోటోలు, కాగితాలు వెతుకుతాడు. ఏ చెట్టు వేరు ఏ గోడను చీలుస్తుందో చెట్ల సంగతి ఎరిగినవాడు చెబుతాడు. చివరకు రాయి చెక్కేవాడు, గచ్చు మేస్త్రీ చెయ్యి పెడితేగాని ఒక్క వరుస లేవదు. వీళ్లు ఒకరి మాట ఒకరు వినకపోతే ఎంత డబ్బు పోసినా స్థలం పాడే అవుతుంది.

గతంలో మరమ్మతుల పేరుతో ఆ కట్టడాలకు పూసిన సిమెంటును వలిచి, మళ్లీ సున్నపు గచ్చు వేశారు. సున్నం చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. లోపల చిక్కిన నీరు ఉప్పు పూయించి రాతినే తింటుంది.

ఇది తెలిసినప్పుడు మాకు సిగ్గేసింది. మన పాత మసీదు గోడలు ఉరుస్తున్నాయని సిమెంటు పూయించినప్పుడు చెయ్యెత్తినవాళ్లలో మేమూ వున్నాము. రెండు వానాకాలాలకే చెమ్మ మనిషెత్తు ఎక్కింది. అప్పుడు వద్దన్నది ఒక్క ముసలి మేస్త్రీ. ఆయన కమిటీ మెంబరు కాదు గనుక ఆయన మాట మినిట్సు పుస్తకంలో లేదు.

ఇక ఉర్దూ సంగతి. సుల్తాన్ కులీ సమాధి రాతి మీద హిజ్రీ 950, అంటే 1543, ఆయన పోయిన సంవత్సరం వున్నది. జనం ఆయనను "బడే మలిక్" అనేవారని కూడా చెక్కి వున్నది. మా కుర్రవాడు ఆ రెండు మాటలు కూడబలుక్కొని చదివి, పక్కవాడి భుజం మీద ఒకటి చరిచాడు. రాతి మీది రాత చదివేవాడు కూడా పై బృందంలో ఒకడే. అరబీ, ఫారసీ శాసనాల కోసమే భారత పురావస్తు శాఖకు నాగపూరులో ఒక విభాగం వున్నది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో పాత కట్టడాల సంరక్షణకు పై చదువు వున్నది. ఉర్దూ చదివితే ఏమొస్తుందని మమ్మల్ని బజారులో ఆపి అడిగే తండ్రులు దయచేసి ఇది వినాలి. లెక్కలూ ఇంగ్లీషూ వద్దని మేమెన్నడూ అనలేదు.

ఇప్పుడు అసలు విషయం. మన ఈద్గా వెనుక దిగుడు బావిని పూడ్చి అద్దె గదులు కట్టాలన్న ప్రతిపాదన రేపటి ఎజెండాలో వున్నది. సంఘానికి రాబడి కావాలి, కాదనము. వితంతువుల పింఛన్లు ఆగితే మాకూ బాధే. కాని ఆ బావి మెట్ల పక్కన సున్నపు పొరల కింద ఒక రాయి వున్నది. మేము గీకి చూస్తే రెండు అక్షరాలు కనబడ్డాయి, అంతకుమించి చేతకాలేదు. ఆ చింతచెట్లు నిలిచింది కూడా ఆ నీళ్ల మీదే. తీర్మానం మూడు నెలలు ఆపండి. మన సభ్యుల్లో ఇద్దరు సివిల్ ఇంజనీర్లున్నారు, ఫారెస్టు శాఖలో రిటైరైనవారొకరున్నారు, ఆ ముసలి మేస్త్రీ ఇంకా వున్నాడు. ఈసారి ఆయనకు కుర్చీ వేసి, ఆయన చెప్పింది మినిట్సులో రాద్దాము.

వచ్చే ఆదివారం ఫజర్ తరువాత మా పిల్లలు బావి దగ్గర వుంటారు. తాళ్లు, తట్టలు మేమే తెస్తాము. గేటు తాళంచెవి సెక్రటరీగారు పంపితే చాలు.