వాకిట నిలిచిన అతిథి



ఈ సాయంకాలము దేవాలయ ప్రాంగణమున మీరందరు భక్తితో కూడియున్నారు. కూర్చున్నవారిలో కొందరి ఒడిలో చిన్న వెలుగొకటి మాకు కనబడుచున్నది. మందలించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆ దోషము మాకును కలదు. ముందు దానిని చెప్పుకొని, పిదప పెద్దల వాక్యమునకు వచ్చెదము.

మన అనంతపురము సీమ సంగతి మీకు తెలియనిది కాదు. నైరుతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డుకొనుటచే, సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఇచ్చట కురియును. ఆ వాననే నమ్మి వేరుసెనగ విత్తి, అది తప్పినపుడు మూటాముల్లె సర్దుకొని బెంగళూరునకు పోయిన కుటుంబములు ఎన్నియో ఉన్నవి. పూర్వము అట్లు పోయినవారి క్షేమము తెలియుటకు పోస్టుకార్డు రావలెను. తరువాతి కాలమున ఎస్.టి.డి. బూతు వద్ద కాచుకొని ఉండవలెను. మన దేశమున సెల్ ఫోను 1995లో వచ్చినది. 2016 తరువాత ఇంటర్నెట్ చౌక కాగా, పల్లెలోని అవ్వ సైతము బెంగళూరులోని మనుమని ముఖము చూచి మాటలాడుచున్నది. ఇది సామాన్యమైన ఉపకారము కాదు. కావున ఫోనును నిందించుట మా ఉద్దేశము కాదు. దూరపువారిని దగ్గర చేసిన ఆ వస్తువుచేతనే దగ్గరివారిని మనము దూరము చేసికొనుచున్నామేమో విచారింపుడని మాత్రమే మా మనవి.

కొన్నేండ్ల క్రిందట కార్తికమాసమున ఒక ఉదయము మేము మా యింటి అరుగుపై కూర్చుండి, మనుమడు పంపిన వీడియోలు చూచుచుంటిమి. మా ఊరి రైతు ఒకడు వచ్చి, నమస్కరించి, వేపచెట్టు క్రింద నిలిచెను. "ఉండు నాయనా" అని చేయి ఎత్తితిమే గాని కన్నెత్తలేదు. ఒక వీడియో ముగియగనే మరియొకటి తనంతట తానే వచ్చెను. దానివెనుక ఇంకొకటి. మేము తల ఎత్తునప్పటికి అతడు లేడు. అరుగుమీద రెండు టెంకాయలు, కొన్ని అరటిపండ్లు మాత్రము ఉన్నవి.

మరునాడు మనసు ఆగక అతని యింటికి పోయితిమి. తలుపునకు తాళము వేసియున్నది. పంట ఎండి, బోరు అడుగంటి, ఆలుబిడ్డలతో బెంగళూరు పోవుచు మా ఆశీర్వాదము పొందుటకై వచ్చెనట! ముప్పది యేండ్లుగా మా యింట ఏ శుభకార్యము జరిగినను పిలువకుండనే మామిడాకులు తెచ్చిన మనిషి అతడు. నంబరు కనుగొని ఫోను చేసితిమి. "మీరేదో పనిలో ఉండారనుకొంటి సామీ" అనెను. పని! ఆ మాట నేటికిని మమ్ము వదలలేదు. అతడు కోపగించియున్న ఇంత బాధ ఉండెడిది కాదు. ఆశీర్వచనము ఫోనులోనే పలికితిమి. కాని తలపై అక్షతలు వేయుటకు ఫోనులో వీలు లేదు గదా!

కాళిదాస మహాకవి శాకుంతల నాటకమున నాలుగవ అంకమును స్మరింపుడు. కణ్వాశ్రమమున శకుంతల దూరమున ఉన్న దుష్యంతునే తలచుచు కూర్చున్నది. ఆమె తలచినది అన్యుని కాదు, భర్తనే. ఆ తలపునందు దోషము లేదు. దుర్వాస మహర్షి వాకిట నిలిచి పిలిచెను. ఆమెకు వినబడలేదు. ఎవరిని తలచుచు నన్ను చూడలేదో వాడే నిన్ను మరచునని ఆయన శపించెను. ఇందు గమనింపవలసినది ఒకటి ఉన్నది. ఆ శాపము కూడ ఆమెకు వినబడలేదు. విన్నవారు చెలికత్తెలు. తాను ఏమి పోగొట్టుకొన్నదియు ఆమెకు తెలియలేదు. రైతు వెడలిపోయిన అడుగుల చప్పుడు మాకు వినబడనట్లే!

మనస్సు వేరొకచోట ఉన్నవాడు చూచియు చూడడు, వినియు వినడు అను భావమును బృహదారణ్యకోపనిషత్తు చెప్పుచున్నది. కన్ను తెరచియుండుట చాలదు, మనస్సు దానివెంట రావలెను. మా పాఠశాలలో గురువుగారు ఎదుట కూర్చుండబెట్టుకొని సంత చెప్పెడివారు. ఆయన ఒకమారు పలికినదానిని మేము రెండుమార్లు పలుకవలెను. ఉదాత్తానుదాత్తములలో తడబాటును మా ముఖము చూచియే కనిపెట్టెడివారు. మాకు ఆకలియైనదియు ముఖము చూచియే కనిపెట్టెడివారు. మనిషి తోటిమనిషికి ఇచ్చెడి మొదటి దానము ఈ చూపే. దీనికి ధనము అక్కరలేదు, వాన కూడ అక్కరలేదు.

తిరుమలలో శ్రీవారి దర్శనమునకు పోవునపుడు ఫోనును వెలుపల అప్పగించి లోపలికి పోవుచున్నాము. తమిళనాట ఆలయములలో ఫోనులను నిషేధింపవలెనని మద్రాసు హైకోర్టు 2022 డిసెంబరులో ఆదేశించినది. ఆలయమునకు న్యాయస్థానము కట్టడి చేయగలదు. మన యింటి అరుగునకు ఎవరు చేయుదురు? తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దేవునిగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తు ఎన్నడో శాసించినది. ఆ నలుగురిలో ఎవరు ఎదుట నిలిచినను అది దర్శనవేళయే.

కావున ఒక చిన్న నియమము పట్టుడు. ఇంటికి మనిషి వచ్చినపుడు ఫోనును బోర్లించి, ముఖము చూచి, "ఎప్పుడు వచ్చితివి? భోజనమైనదా?" అని అడుగుడు. తప్పనిసరి పిలుపు వచ్చినచో, ఎదుటివారికి చెప్పి, మాటలాడి, మరల వారివంక తిరుగుడు. ఉగాదికి బెంగళూరునుండి వచ్చిన బిడ్డలారా, ఏడాదిపాటు ఫోనులో మీ ముఖము చూచుకొన్న తల్లి, ఆ రెండు దినములును మీ ఎదుటనే ఉండును. ఆమెవంక చూడుడు. పెద్దలమైన మేమును ముందు ఆచరించి, పిదప పిల్లలకు చెప్పుదుము.

ఆ రైతు మొన్న సంక్రాంతికి ఊరికి వచ్చినాడు. వీధి చివర కనబడగనే మేము అరుగు దిగి ఎదురేగితిమి. అక్షతలు అప్పుడు వేసితిమి. అందరికిని అట్టి రెండవ అవకాశము లభించునను నమ్మకము లేదు.

స్వస్తి.