డ్రయ్యర్ ఎప్పుడు ఆగుతుందో చూడండి, ఎందుకు ఆగుతుందో తెలుస్తుంది

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



నేను చదివింది పదో తరగతి. మెకానిక్‌ను కాదు. కానీ మా సంఘంలో వాషింగ్ మిషన్ ఉన్న ఇండ్లు పెరిగినాయి. వాటితోపాటు ఒక మాట కూడా పెరిగింది. "అక్కా, ఉతకడం బాగానే ఉతుకుతాది, డ్రయ్యరే మధ్యలో ఆగిపోతాది" అంటారు. అందుకే ఈరోజు దాని గురించే చెబుతాను.

మన ఎండకు డ్రయ్యర్ ఎందుకని కొందరు నవ్వుతారు. మిద్దె మీద ఆరేస్తే బట్టలు ఆరతాయి, నిజమే. కానీ తడిసిన దుప్పటిని పిండేది ఎండ కాదు, మన చేతులు. పొద్దున్నే పనికి పోయే మనిషికి ఆ పిండుడు తప్పితే అదే పదివేలు.

మన రెండు టబ్బుల మిషన్లో డ్రయ్యర్‌కు వేడి ఉండదు. బట్టల్ని గిర్రున తిప్పి నీళ్లు బయటికి కొడుతుంది, అంతే. కువైట్‌లో ఇండ్లలో పనిచేసి వచ్చిన కడప, రాయచోటి అక్కలు చూసింది వేరే రకం. అది వేడిగాలితో ఆరబెడుతుంది. దాని జాలిలో బట్టల నూగు పేరుకుంటే గాలి ఆడదు, వేడెక్కి ఆగిపోతుంది. అందుకే అక్కడ ప్రతిసారీ జాలి తుడుస్తారు. మన దానికి కారణాలు వేరే ఉన్నాయి.

ఆగిపోయింది అంటే చాలదు. ఎప్పుడు ఆగింది, ఎట్లా ఆగింది అనేది చూడాల.

చప్పుడే లేకుండా ఉంటే: ముందు కరెంటు, ప్లగ్గు, టైమర్ చూడండి. తర్వాత మూత చూడండి. మూత దగ్గర లోపల ఒక స్విచ్చు ఉంటుంది. మూత తెరిస్తే అది కరెంటు ఆపుతుంది, బ్రేకు కూడా పడుతుంది. మూత సరిగా కూర్చోకపోతే అదురుకు ఆగి ఆగి తిరుగుతుంది. "ఆ స్విచ్చు తీసేసి వైరు కలిపేస్తా" అని ఎవరన్నా చెబితే ఒప్పుకోవద్దు. తిరిగే టబ్బులో పిల్లల చెయ్యి పడకుండా కాపాడేది అదే.

దడదడ కొట్టుకొని ఆగితే: బరువు ఒక పక్కకు పడింది. బట్టలు చుట్టూ సమంగా సర్ది, పైన ప్లాస్టిక్ బిళ్ల పెట్టండి. మన ఇండ్లలో బేతంచెర్ల బండలు అన్నిచోట్లా ఒక మట్టంగా ఉండవు. మిషన్ నాలుగు కాళ్లూ నేలకు ఆనినాయా అని ఊపి చూడండి.

గుయ్‌మని మోగుతూ తిరగకపోతే: వెంటనే ఆపండి. అట్లే వదిలితే మోటారు కాలుతుంది. ప్లగ్గు తీసి, టబ్బు సందులో చేతిగుడ్డో, మేజోడో ఇరుక్కుందేమో చూడండి. ఏమీ లేకపోతే కండెన్సర్ పోయి ఉండొచ్చు, బ్రేకు పట్టేసి ఉండొచ్చు. కండెన్సర్ ఖర్చు మోటారు ఖర్చులో చిన్న భాగం. "మోటారు మార్చేముందు కండెన్సర్ చూడన్నా" అని అడగండి. మీరు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలిచి ఉంటుంది.

కాసేపు తిరిగి ఆగి, చల్లబడినాక మళ్లీ తిరిగితే: మోటారు వేడెక్కుతోంది. కాలిపోకుండా తనంతట తానే ఆగే ఏర్పాటు చాలా మోటార్లలో ఉంటుంది. ఎందుకు వేడెక్కుతోందో కనుక్కోవాల. ఎక్కువ బట్టలు కుక్కినా, ఆపకుండా ఒకదాని తర్వాత ఒకటి వేసినా వేడెక్కుతుంది. ఇంటికి రావాల్సింది 230 వోల్టులు. ఎండాకాలం మాపటేళ ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే వోల్టేజి తగ్గినట్లే, అప్పుడు డ్రయ్యర్ వేయొద్దు. ఇంకొకటి నీళ్ల పైపు. మా సంఘంలో ఒకామెకు మోటారు మార్చాలని చెప్పినారు. చూస్తే, మిషన్ జరిపినప్పుడు పైపు గట్టు మీదికి ఎక్కింది. నీళ్లు బయటికి పోక టబ్బు నీళ్లలోనే తిరుగుతోంది. పైపు కిందికి దించితే సరిపోయింది. బోరు నీళ్ల ఉప్పు పైపులో గట్టిపడినా ఇట్లే అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం షాకు. మిషన్ ముట్టుకుంటే జివ్వుమంటే, "కొంచెమే కదా" అనుకోవద్దు. తడి కాళ్లతో నిలబడి పనిచేసేది మనమే. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా వాడొద్దు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచి వాడొద్దు. మన నేల ఎండిపోయే నేల, ఎర్త్ గుంత ఎండితే ఎర్తింగ్ సరిగా పనిచేయదు. ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్లు పోస్తుండండి.

మెకానిక్ వస్తే మూడు మాటలు చెప్పండి: ఎంతసేపటికి ఆగింది, ఏం చప్పుడు వచ్చింది, మళ్లీ ఎప్పుడు తిరిగింది. మార్చిన పాత సామాను, బిల్లు అడిగి తీసుకోండి. ఏదీ తెలియనట్లు నిలబడితే ఏం చెబితే అది కట్టాల్సి వస్తుంది. ఆ డబ్బు మన కంతులో నుంచి పోయేదే.

పుస్తకాలు రాసుకోవడం మన పంచసూత్రాల్లో ఒకటి. ప్రతి సంఘం పుస్తకంలో ఒక పేజీ రిపేర్లకు పెట్టుకుందాం. ఏది చెడింది, ఏం మార్చినారు, ఎంత తీసుకున్నారు అని రాద్దాం. ఒక ఇంట్లో తెలిసింది పది ఇండ్లకు పనికొస్తుంది. ఈ మాట ఈ సమావేశంలో తీర్మానంగా రాయాలని కోరుతున్నాను.